పాలు, మొక్క, అమ్మమ్మ

గుండ్లవాగు పట్టణంలో మంచినీటి వాల్వులు ఎన్నున్నాయో దేవుడికి తెలుసో లేదో గానీ, యేసోబుకు తెలుసు. అరవై మూడు. అందులో రెండు సిమెంటు రోడ్డు కింద సమాధి అయ్యాయి. మిగతా అరవై ఒకటిలో ఏది ఎన్ని చుట్లు తిప్పితే ఏ వీధికి నీళ్ళెక్కుతాయో, ఏది కుడికి తిరగాల్సింది ఎడమకి తిరుగుతుందో, ఏ గుంటలో చెయ్యి పెట్టేముందు కర్రతో పొడిచి పాముందేమో చూసుకోవాలో, అంతా అతని తలకాయలోనే ఉంది. ఐదో తరగతిలో బడి మానేసిన తలకాయ కాబట్టి అందులో కావలసినంత జాగా ఉంది.

ఆ తలకాయలో అన్నిటికన్నా పైన ఉండేది ఎగువపేట. గుట్టకి ఆనుకుని నూటనలభై గడపలు. మూడు రోజులకోసారి నీళ్ళు. అక్కడికి నీళ్ళెక్కాలంటే కింద మూడు వాల్వులు కట్టేసి, కొత్తబజారు వాల్వును పదకొండున్నర చుట్లు తిప్పాలి. పదకొండు తిప్పితే నీళ్ళు మసీదు దాకా వచ్చి ఆగిపోతాయి. పన్నెండు తిప్పితే బస్టాండు దగ్గర పైపు పగిలి, ఎక్కాల్సిన నీళ్ళు రోడ్డెక్కుతాయి. ఆ అరచుట్టు ఎక్కడా రాసిలేదు. యేసోబు మోకాళ్ళు రెండూ ఇరవై రెండేళ్ళుగా గుంటల్లో దిగి దిగి అరిగిపోయాయి. తను పడిపోతే ఆ అరచుట్టు ఎవరు తిప్పుతారన్న బెంగ అతనికి ఉంది. ఆఫీసులో ఎవరికీ లేదు.

ఎండాకాలం మొదట్లో జిల్లా కేంద్రంలో నీటి మీద సమీక్ష జరిగింది. పై ఆఫీసరుగారు గుండ్లవాగు కమిషనరుగారిని చూసి, మీ ఊళ్ళో వాల్వులెన్ని అని అడిగారు. కమిషనరుగారు ఫైలు తిరగేశారు. అందులో వాల్వుల మరమ్మతు ఉంది, వాల్వులకు రంగు ఉంది, వాల్వుల మీద అవగాహన సదస్సు ఫొటోలతో సహా ఉంది. ఎన్ని ఉన్నాయో మాత్రం లేదు. ఆయన ఆఫీసు మేనేజరు పాండురంగానికి ఫోను చేశారు. పాండురంగం ఇంజనీరింగు సెక్షనుకు చేశాడు. ఇంజనీరింగు సెక్షను యేసోబుకు చేసింది. యేసోబు నడుంలోతు గుంటలో ఉండి, చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని చెప్పాడు.

"అరవై మూడయ్యా. రెండు రోడ్డు కింద పోయినయ్."

ఆ జవాబు, ప్రశ్న వచ్చిన దారినే వెనక్కిపోయి పై ఆఫీసరుగారికి చేరింది. ఆయన మెచ్చుకోలేదు.

"అంటే కమిషనర్ గారూ, మీ మున్సిపాలిటీ సంస్థాగత జ్ఞాపకశక్తి యావత్తూ ఒక్క మనిషి బుర్రలో నిక్షిప్తమై ఉందన్నమాట. రేపు ఆ బుర్రకేమన్నా అయితే?"

మంచి ప్రశ్నే. జవాబు కూడా తేలికే. చదువొచ్చిన మనిషి ఒకడు ఒక నోటుబుక్కు పట్టుకుని రెండు రోజులు యేసోబు వెంట తిరిగితే చాలు. కానీ అంత తేలిక పనికి ప్రారంభోత్సవం చేయడం కుదరదు. అందుకని యాప్ తెచ్చారు.

దాని పేరు 'స్మృతి'. నోట్స్ రాసుకునే యాప్. ఎవరికి తెలిసింది వాళ్ళు అందులో రాయాలి. ప్రారంభోత్సవం రోజున ఒక ఫోనుకి గులాబీరంగు రిబ్బను కట్టి, కమిషనరుగారు కత్తెరతో కత్తిరించారు. నాలుగువందల పన్నెండుమంది సిబ్బందికీ తలా ఒక ఫోను ఇచ్చారు. పాండురంగం లేచి ఉత్తర్వు చదివాడు.

"ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, నేటినుండి నోట్‌లో ఉన్నదే పని. నోట్‌లో లేనిది పని కాదు. నోట్‌లో లేని పని చేసినవారిపై తగు చర్యలు తీసుకొనబడును."

తర్వాత యాప్ తయారుచేసిన కంపెనీ నుంచి వచ్చిన హంసినిగారు తెర మీద బొమ్మలు వేసి చూపించింది. యాప్ తెరవగానే 'మొదలుపెడదాం' అని ఒక పేజీ వస్తుంది. కొత్తవాళ్ళకి అలవాటు కావడానికి అందులో మూడు పనులు ముందే రాసి ఉంటాయి. పక్కన చిన్న గళ్ళు. పని అయిపోతే గడిలో టిక్కు పెట్టాలి.

మొదటిది: పాలు తేవాలి.

రెండోది: మొక్కకు నీళ్ళు పోయాలి.

మూడోది: అమ్మమ్మకు ఫోన్ చేయాలి.

వెనక బెంచీ మీంచి యేసోబు లేచి నిలబడ్డాడు. "అమ్మా, వాల్వుల సంగతి యాడ రాయాలి?"

"ఈ మూడూ అయ్యాక కింద ఖాళీ పేజీ వస్తుంది సార్. అక్కడ రాసుకోండి."

ఇరవై రెండేళ్ళలో ఆ ఆఫీసులో అతన్ని ఎవరూ సార్ అనలేదు. యేసోబు కూర్చుని ఫోను వంక చూసుకున్నాడు. ఖాళీ పేజీ రాగానే మొట్టమొదట ఎగువపేట రాద్దామనుకున్నాడు. హంసినిగారు సాయంత్రం బస్సుకి ఇంకో ఊరు ప్రారంభోత్సవానికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున కమిషనరుగారు తన కంప్యూటరు తెరిస్తే తెర నిండా ఎరుపు. సిబ్బంది నాలుగువందల పన్నెండు. ఒక్కొక్కరి పేరు మీద పూర్తికాని పనులు మూడు. వెరసి పన్నెండువందల ముప్పై ఆరు పెండింగు. పదకొండు గంటలకి రాజధాని నుంచి వీడియో సమావేశం. అక్కడి తెర మీద ఊళ్ళన్నీ వరసగా వచ్చాయి. పక్క మున్సిపాలిటీ అప్పటికే పాలల్లో అరవై శాతం దాటింది. గుండ్లవాగు అడుగున ఉంది.

కమిషనరుగారు తెల్లబోయిన ముఖంతో వచ్చి పాండురంగాన్ని పిలిచారు. పాండురంగం హంసినిగారికి ఫోను కలిపాడు.

"సర్, అవి ఊరికే నమూనా కోసం. నొక్కి పట్టుకుంటే పోతాయి. తీసేయండి," అందామె.

కమిషనరుగారు ఫోను పెట్టేసి కళ్ళజోడు తుడుచుకున్నారు. "చూశావా పాండురంగం, రికార్డులో ఉన్నదాన్ని తీసేయమంటోంది. రాష్ట్రస్థాయిలో ర్యాంకు ఇచ్చాక అది నమూనా ఎట్లా అవుతుంది?"

"రికార్డు విధ్వంసం కిందికి వస్తుంది సార్. పైగా నోటిమాట. రాతపూర్వకంగా లేదు."

"చేయకుండా టిక్కు పెడితే?"

"తప్పుడు ధ్రువీకరణ సార్. అది ఇంకా పెద్దది."

"అయితే చేయాల్సిందే."

"యుద్ధప్రాతిపదికన సార్."

మధ్యాహ్నానికల్లా ఉత్తర్వు వచ్చింది. 'మొదలుపెడదాం' పేజీలోని పనులు పూర్తయ్యేవరకూ ఏ ఒక్కరూ మరే పనీ మొదలుపెట్టరాదు. పనిముట్లు స్టోరులో జమ చేయాలి. పారిశుద్ధ్యంవాళ్ళు చీపుర్లు ఇచ్చేశారు. కరెంటువాళ్ళు నిచ్చెన ఇచ్చేశారు. యేసోబు వాల్వు కీ భుజాన పెట్టుకుని పాండురంగం బల్ల ముందు నిలబడ్డాడు. మనిషెత్తు ఇనప కడ్డీ, పైన అడ్డపిడి.

"అయ్యా, రేపు ఎగువపేట వంతు. ఈ కీ లేకపోతే వాళ్ళకి నీళ్ళు ఎక్కవు."

"ఎగువపేట నోట్‌లో ఉందా?"

"లేదయ్యా. నన్ను రాయనిస్తే ఉంటది."

"పాలు తెచ్చావా?"

"లేదయ్యా."

"మరి." పాండురంగం కీ తీసుకుని, దానికి చీటీ కట్టి, బీరువా వెనక నిలబెట్టాడు.

పాల దగ్గర మొదట చిన్న సందేహం వచ్చింది. తేవాలి అని ఉంది గానీ ఎక్కడికో లేదు. పాండురంగం వివరణ జారీ చేశాడు: ఆఫీసుకే. ఎన్ని అనే దానికి: అరలీటరుకు తగ్గకుండా. ఆవువా గేదెవా అనే దానికి: ప్రభుత్వం ఈ విషయంలో తటస్థం. మర్నాడు పొద్దున నాలుగువందల పన్నెండుమంది పాలప్యాకెట్లతో వరసలో నిలబడి, ఆఫీసు బోర్డూ ప్యాకెట్టూ రెండూ పడేట్టు ఫొటో దిగారు. ఊళ్ళో టీకొట్లు పాలు దొరక్క మూసేశారు. పసిబిడ్డల తల్లులు పక్క ఊరికి ఆటోలు కట్టుకుని పోయారు.

రెండువందల ఆరు లీటర్ల పాలు కౌన్సిల్ హాల్లో బల్లల మీద పేర్చారు. పన్నెండింటికి ఎండ గోడల్లోంచి కొట్టడం మొదలుపెట్టింది. ఒక ప్యాకెట్టు ఉబ్బింది. యేసోబు చూసి, "కాచుకుని తాగుదాం, పాడైపోతన్నయ్ గదా," అన్నాడు.

"తేవాలి అని ఉంది," అన్నాడు పాండురంగం. "తాగాలి అని లేదు."

మూడోరోజుకి హాల్లోకి ఎవరూ పోలేకపోయారు. కడగాలంటే పారిశుద్ధ్యంవాళ్ళ చీపుర్లు స్టోరులో ఉన్నాయి. పైగా కడగడం నోట్‌లో లేదు. తలుపుకి తాళం వేసి, పాలల్లో నూటికి నూరు శాతం సాధించినట్టు రాజధానికి నివేదిక పంపారు. అభినందన లేఖ వచ్చింది. దాన్ని ఆ తలుపు మీదే అంటించారు.

యేసోబు ఇంటికి వచ్చేసరికి భార్య సలోమి వాకిట్లో ఖాళీ బిందెలు బోర్లించి కూర్చుని ఉంది. "ఊరందరికీ నీళ్ళిడిచే వాడి ఇంట్లో కుండలు ఎండిపోయినయ్యంటే నవ్వరా?"

"రేపు మొక్క. అదయితే రెండు అయిపోయినట్టే."

"ఏ మొక్క?"

"ఆఫీసు మొక్క."

సలోమి అతని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "ఎండకి తిరగబోకయ్యా," అంది.

మొక్క దగ్గర చిక్కు పెద్దదే. ఆఫీసు ఆవరణలో ఉన్నది ఒక్క క్రోటన్ మొక్క, మెట్ల పక్కన కుండీలో. దానికి నాలుగువందల పన్నెండుమంది నీళ్ళు పోయాలి. అందులోనూ నీళ్ళు లేవు, ఎందుకంటే వాల్వు తిప్పేవాడికి కీ లేదు. కమిషనరుగారు అత్యవసర అధికారాలు వినియోగించి, పది మైళ్ళ అవతల్నుంచి మొక్క కోసం ట్యాంకరు తెప్పించారు.

ఆ ట్యాంకరు ఎగువపేట మీదుగానే రావాలి. ఐదు రోజుల నుంచి చుక్క నీళ్ళు లేని జనం బిందెలతో రోడ్డు మీదికి వచ్చి అడ్డం నిలబడ్డారు. ట్యాంకరుకి ముందు వస్తున్న జీపులోంచి పాండురంగం దిగాడు. దారి చూపించడానికని యేసోబును కూడా ఎక్కించుకున్నాడు. బిందెల ముందు వరసలో ఉన్నది మస్తాన్‌బీ. డెబ్భై ఏళ్ళుంటాయి. కుళాయి దగ్గర వంతులు తప్పితే ఎగువపేటలో ఎవరినైనా నిలబెట్టి కడిగేసే మనిషి.

"అమ్మా, దయచేసి సహకరించండి. ఈ నీరు కేటాయింపు జరిగిపోయింది," అన్నాడు పాండురంగం.

"ఎవురికి?"

"మొక్కకు."

మస్తాన్‌బీ బిందె చంక మార్చుకుంది. "ఆ మొక్క ఏ వార్డు సారూ?"

ఆమె అతన్ని వదిలేసి యేసోబు వైపు తిరిగింది.

"ఏరా, ఇరవై ఏళ్ళు నీళ్ళిచ్చినోడివి, నువ్వు కూడా జీపెక్కావంట్రా?"

యేసోబు జీపు నేల వంక చూస్తూ ఉండిపోయాడు. పోలీసులు వచ్చి దారి ఇప్పించారు.

రెండు రోజులపాటు క్రోటన్‌కి నీళ్ళు పోశారు. తలా ఒక గ్లాసు, తలా ఒక ఫొటో. మొదటి గంటకే కుండీ నిండి మెట్ల మీంచి కారింది. రెండో రోజు పొద్దునకి మొక్క వేళ్ళతో సహా పైకి తేలింది. వరసలో మిగిలినవాళ్ళకి దాన్ని ఒకడు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. సాయంత్రానికి ఆకులన్నీ రాలి ఒకటి మిగిలింది. బతికే ఉందా అని కమిషనరుగారు అడిగితే, బతకాలని నోట్‌లో లేదని పాండురంగం మనవి చేశాడు. మొక్కలో నూటికి నూరు.

ఇక మిగిలింది అమ్మమ్మ.

లెక్క తీస్తే, సిబ్బందిలో బతికున్న అమ్మమ్మలు గలవారు నలభై ఒక్కమంది. వాళ్ళు ఒక్క పూటలో ఫోన్లు చేసేసి, గర్వంగా వరండాలో కూర్చున్నారు. మిగతా మూడువందల డెబ్భై ఒక్కమందీ తొందరపడి పుట్టినందుకో, పెద్దవాళ్ళయినందుకో తలలు వంచుకున్నారు.

"మా అమ్మమ్మ పోయి ముప్పై ఏళ్ళయిందయ్యా," అన్నాడు యేసోబు.

"మరణ ధ్రువీకరణ పత్రం?" అన్నాడు పాండురంగం.

"సమాధి ఉంది."

"సమాధిని జతపరచలేం కదా. రికార్డు ప్రకారం నువ్వు ఆమెకు ఫోను చేయాల్సి ఉంది. చేయాల్సి ఉందంటే ఆమె ఉన్నట్టే."

"అయితే ఆమె నంబరు రికార్డులో చూసి చెప్పండయ్యా, చేస్తా."

పాండురంగం అతని వంక అనుమానంగా చూశాడు. వెటకారమో అమాయకత్వమో తేల్చుకోలేక, పత్రం కోసం జనన మరణాల సెక్షనుకు పంపాడు. అక్కడి గుమాస్తా, తన అమ్మమ్మ పెండింగు తీరేవరకూ ఎవరి అమ్మమ్మ చావునూ తను నమోదు చేయలేనని చెప్పాడు. అతనిదీ న్యాయమే.

పక్క మున్సిపాలిటీ అమ్మమ్మల్లో డెబ్భై శాతానికి పోయిందని కబురు వచ్చింది. కమిషనరుగారికి నిద్రాహారాలు లేవు. ఎనిమిదో రోజున ఆయన ఒక పథకం రచించారు. దాని పేరు 'మాతామహి అనుసంధానం'. పింఛను తీసుకునే ముసలమ్మల్లోంచి అర్హులను ఎంపిక చేసి, ఒక్కొక్కరికి తొమ్మిదిమంది చొప్పున సిబ్బందిని మనవలుగా కేటాయించాలి. అర్హత ఏమిటంటే కూతురి కడుపున కనీసం ఒక బిడ్డ ఉండాలి. కొడుకు బిడ్డలే ఉన్నవాళ్ళు నానమ్మలవుతారు, చెల్లరు. ఈ పాయింటు మీద పన్నెండుమంది ముసలమ్మలు అనర్హులై, కొడుకుల్ని తిట్టుకుంటూ ఇళ్ళకు పోయారు.

మస్తాన్‌బీకి ఇద్దరు కూతుళ్ళు, ఐదుగురు మనవసంతానం. ఆమె అమ్మమ్మ నంబరు పదిహేడు అయింది. యేసోబు ఆమెకే పడ్డాడు.

ఫోను మూడు నిమిషాలకు తగ్గకూడదు. కుశలప్రశ్నలు మాత్రమే ఉండాలి. పాండురంగం చేతిగడియారం విప్పి బల్ల మీద పెట్టుకున్నాడు. యేసోబు స్పీకరు నొక్కాడు.

"ఎవురు?"

"నేను. మనవణ్ణి."

"ఏ మనవడు? పొద్దుట్నించి ఆరుగురు చేశారు."

"యేసోబుని, అమ్మమ్మా."

"ఓరి నీ ఇల్లు బంగారంగానూ. నీళ్ళేవిరా?"

పాండురంగం వేలు పైకెత్తి, కుశలం అన్నట్టు సైగ చేశాడు.

"బాగున్నావా?"

"తొమ్మిది రోజులాయె నీళ్ళు రాక. బాగుంటానేందిరా?"

"అన్నం తిన్నావా?"

"తిన్నా. పళ్ళెం కడిగేదానికి లేక నిన్నటి దాంట్లోనే తిన్నా. అడుగు, ఇంకా ఏమడగమన్నారో అడుగు."

"నీకు ఫోను చేస్తేనే నాకు కీ ఇస్తారంట."

"ముందే చెప్పొద్దా? మొన్ననే నేను చేసేదాన్ని."

"నువ్వు చేస్తే లెక్కలోకి రాదంట."

గడియారంలో ఇంకా అరనిమిషం ఉంది. పాండురంగం చెయ్యి తిప్పుతూ, మాట్లాడు మాట్లాడు అన్నాడు పెదవులతో.

"మా అమ్మమ్మ కూడా నీ మాదిరే తిట్టేది," అన్నాడు యేసోబు.

అవతల గొంతు కొంచెం తగ్గింది. "ఏం పేరు రా ఆమెది?"

"సువార్తమ్మ. నీళ్ళ కావిడి మోసి సాకింది నన్ను."

"ఆ. అందుకనే నీళ్ళ పన్లో పడ్డావు," అంది మస్తాన్‌బీ. మళ్ళీ తనే, "ఆ జీపు మాట మనసులో పెట్టుకోబోకు," అంది.

"మూడు నిమిషాలు," అన్నాడు పాండురంగం. "టిక్కు పెట్టు."

ఆ మధ్యాహ్నానికి గుండ్లవాగు తెర మీద ఎరుపు పోయి, అంతా పచ్చబడింది. పన్నెండువందల ముప్పై ఆరుకి పన్నెండువందల ముప్పై ఆరు. రాష్ట్రంలో రెండో స్థానం. మొదటి స్థానం పక్కవాళ్ళదే గానీ, వాళ్ళు నానమ్మల్ని కూడా లెక్కలో కలిపేశారని మనవాళ్ళు ఫిర్యాదు పంపారు. కమిషనరుగారికి శాలువా కప్పడానికి జనం వచ్చారు. బాణాసంచా కాల్చారు.

యేసోబు మాత్రం వరండాలో గోడకి ఆనుకుని, ఫోను మోకాలి మీద పెట్టుకున్నాడు. తెర మీద ఇలా ఉంది: 'అభినందనలు. మీరు మొదలుపెట్టేశారు. ఇక మీ మొదటి నోట్ రాయండి.' కింద తెల్లటి ఖాళీ పేజీ. అతను చూపుడువేలు లుంగీకి తుడుచుకుని ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ కొట్టాడు. 'ఎగువపేట. కింద మూడు వాల్వులు కట్టాలి. కొత్తబజారు వాల్వు' దాకా రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. 'పదకొండు' అని కొట్టి, 'న్న' ఎక్కడుందా అని వెతుకుతుండగా, శాలువా సభలోంచి పాండురంగం పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"ఏం చేస్తున్నావయ్యా నువ్వు? నొక్కబోకు. భద్రపరచు అనేది నొక్కబోకు."

"నోట్ రాస్తన్నానయ్యా."

"సార్ తెర మీద నీ పేరు పసుపురంగులోకి వచ్చింది. నువ్వది నొక్కితే కొత్త పని ఒకటి పుడుతుంది. పుట్టిన క్షణాన అది పెండింగు. నూటికి నూరు పోతుంది. అక్కడ సార్ మెడలో దండ ఉంది."

"వాల్వుల సంగతి రాయటానికే గదయ్యా ఈ యాప్ తెచ్చింది?"

"అవును. రాస్తే పాడవుతుంది. వెనక్కి నొక్కు."

యేసోబు వెనక్కి నొక్కాడు. ఎగువపేట పోయింది, మూడు వాల్వులు పోయాయి, కొత్తబజారు పోయింది. తెల్లపేజీ మిగిలింది. సాయంత్రం లోపే ఉత్తర్వు వచ్చింది: 'శూన్య పెండెన్సీని పరిరక్షించు నిమిత్తం, ఇకపై సిబ్బంది ఎవరూ స్మృతి యందు నూతన నోట్లు వ్రాయరాదు. నోట్‌లో లేని పని చేయరాదను పూర్వపు ఉత్తర్వు యథాతథంగా అమలులో ఉండును.'

మర్నాడు యేసోబు మళ్ళీ పాండురంగం బల్ల ముందుకు వచ్చాడు. పది రోజులైంది. పాండురంగం చొక్కా కాలరు కూడా మాసి ఉంది. అతనిది కొత్తబజారు. అతని ఇంట్లోనూ నీళ్ళు లేవు.

"అయితే నన్నేం పని చెయ్యమంటారయ్యా?"

"నోట్‌లో ఉన్నవి చేసుకో. మూడున్నాయిగా. చేసిందాన్ని మళ్ళీ చేస్తే తప్పని ఎక్కడా లేదు."

యేసోబు కాసేపు నిలబడి ఆలోచించాడు. అతని ఆలోచన కూడా గుంటలో దిగినట్టే, కర్రతో పొడుచుకుంటూ దిగుతుంది.

"మొక్కకి నీళ్ళు పొయ్యాలంటే నీళ్ళు కావాలి గదయ్యా."

"కావాలి."

"నీళ్ళు కావాలంటే వాల్వు తిప్పాలి."

పాండురంగం కలం కిందపెట్టాడు. "అది ప్రధాన పనికి అనుబంధం. ఆక్షేపణ ఉండదు."

"మొక్క యాడుండాలనేది నోట్‌లో ఉందాండి?"

పాండురంగం ఫోను తీసి చదివాడు. రెండుసార్లు చదివాడు. "మొక్కకు నీళ్ళు పోయాలి. అంతే ఉంది. స్థలం నిర్దేశించలేదు."

"ఎగువపేటలో ఉండొచ్చా?"

పాండురంగం కిటికీలోంచి బయటికి చూశాడు. మెట్ల పక్కన క్రోటన్ ఒంటి ఆకుతో నిలబడి ఉంది. అతను లేచి బీరువా వెనకనుంచి కీ తీసుకొచ్చి, చీటీ తెంపి, రిజిస్టరులో రాశాడు: 'మొక్క నిమిత్తం కీ జారీ చేయడమైనది.' సంతకం పెట్టి, నెమ్మదిగా అన్నాడు. "కొత్తబజారులో కూడా ఒక మొక్క పెట్టుకోవచ్చేమో చూడు."

యేసోబు కుండీని సైకిలు క్యారియరుకి కట్టి, కీ భుజాన పెట్టుకుని, గుట్టెక్కాడు. మస్తాన్‌బీ కుళాయి కింద కుండీ దించాడు. చుట్టూ బిందెలు చేరాయి.

"ఇదేనంట్రా ఆ మొక్క?" అంది మస్తాన్‌బీ. "దీనికా ట్యాంకరు పోయింది?"

"దీన్ని జాగ్రత్తగా చూసుకో అమ్మమ్మా. ఇది ఉన్నంతకాలం మీకు నీళ్ళుంటయ్. ఎక్కినయ్యో లేదో నేను ఫోను చేసి కనుక్కుంటా. అది కూడా పన్లోకే వస్తది."

గుట్ట దిగి, కింద మూడు వాల్వులు కట్టేసి, అతను కొత్తబజారు గుంటలోకి దిగాడు. పది రోజులు తిప్పకపోయేసరికి వాల్వు బిగుసుకుపోయింది. మోకాళ్ళు కూడా. ఒకటి, రెండు, మూడు. తొమ్మిదో చుట్టు దగ్గర ఫోను మోగింది. చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాడు.

ఈసారి మధ్యవర్తులు లేరు. కమిషనరుగారే. వెనక ఏసీ హోరు, కుర్చీల చప్పుడు వినిపిస్తున్నాయి.

"యేసోబూ, జిల్లా సమీక్షలో ఉన్నాను. పై ఆఫీసరుగారు అడుగుతున్నారు. మన ఊళ్ళో వాల్వులు ఎన్ని?"

యేసోబు పదో చుట్టు తిప్పాడు. "నోట్‌లో చూడండయ్యా."

"చూశానయ్యా. నోట్‌లో లేదు."

"నోట్‌లో లేకపోతే లేనట్టే గదయ్యా. ఉత్తర్వు తమరే ఇచ్చారు."

కమిషనరుగారు మనసులో ఏ మెట్లు ఎక్కి దిగారో తెలియదు గానీ, తర్వాత ఫోను పక్కకి జరిపి, గొంతు సవరించుకుని చెబుతున్న మాటలు స్పష్టంగా వినిపించాయి.

"సర్, రికార్డు ప్రకారం మా పట్టణంలో వాల్వులు శూన్యం సర్."

"శూన్యమా?" అంది ఇంకో గొంతు. "అంటే వాల్వులకు సంబంధించిన సమస్యలు కూడా శూన్యమేనన్నమాట. మిగతా కమిషనర్లు గమనించాలి."

చప్పట్లు మొదలయ్యాయి. యేసోబు ఫోను తీసి గుంట అంచున పెట్టాడు. పదకొండో చుట్టు తిరిగింది. ఇంకా అర మిగిలింది. పైన ఎగువపేటలో నూటనలభై గడపల ముందు బిందెలు ఎదురుచూస్తున్నాయి. అతను కాళ్ళు ఎడంగా పెట్టుకుని, ఊళ్ళో లేని ఆ వాల్వును రెండు చేతులా పట్టుకుని, ఆ అరచుట్టు తిప్పాడు.